ప్రవేశ దరువు

(జెర్సీ సిటీలో తెలుగు మిత్రులు ఏర్పాటు చేసిన సభలో, రాగిణీదేవి స్మృతిలో చేసిన ప్రసంగ పాఠం)

పిల్లలు గజ్జెలు కట్టుకుని పక్కగదిలో ఓపిక పట్టి కూర్చున్నారు. ఉపన్యాసం అయితే గానీ తమ వంతు రాదని వాళ్లకు తెలుసు. వీలైనంత త్వరగా ముగిస్తాను.

రాగిణీదేవి పేరు మీద తెలుగువాళ్లు సభ పెట్టడమేమిటని ఒకరిద్దరు ఫోన్ చేసి అడిగారు. సబబైన ప్రశ్నే. ఆవిడ తెలుగావిడ కాదు. ఆ మాటకొస్తే పుట్టుకతో భారతీయురాలూ కాదు. 1893లో మిషిగన్ రాష్ట్రంలో పెటోస్కీ అనే ఊళ్లో పుట్టారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఎస్తర్ షెర్మన్. మినియాపోలిస్‌లో పెరిగారు. 1982లో, ఇక్కడికి ఉత్తరాన పది పన్నెండు మైళ్ల దూరంలోని ఎంగిల్‌వుడ్‌లో, వయసు మళ్లిన కళాకారుల కోసం నడిపే ఆశ్రమంలో కన్నుమూశారు. పుట్టిందీ పోయిందీ అమెరికాలోనే. మధ్యలో బతుకు మైలాపూరు, కేరళ, బొంబాయి, యూరప్ చుట్టూ తిరిగింది. ఆవిడ కూతురు ఇంద్రాణీ రెహ్మాన్, కోరాడ నరసింహారావు గారి దగ్గర కూచిపూడి నేర్చుకుని దాన్ని దేశదేశాలకు తీసుకువెళ్లిన తొలితరం నర్తకుల్లో ఒకరు. 1976 తర్వాత న్యూయార్క్‌లోని జూలియార్డ్‌లో పాఠాలు చెప్పారు. కూచిపూడికి చుట్టరికం ఉందన్నమాట. సభకు ఆపాటి చాలు.

ఆవిడ జీవితంలో అందరూ కాస్త ఇబ్బందిపడి దాటేసే సంగతి ఒకటుంది. నేను అక్కడే మొదలుపెడతాను. 1922లో న్యూయార్క్ వేదిక ఎక్కింది మొదలు చాలా ఏళ్లపాటు ఆవిడ తాను భారతదేశపు హిందూ స్త్రీనని చెప్పుకున్నారు. పత్రికలు నమ్మాయి. భర్త రామ్‌లాల్ బాజ్‌పాయి నాగపూర్ నుంచి వచ్చిన రసాయన శాస్త్రజ్ఞుడు, స్వాతంత్ర్యోద్యమంలో ఉన్నవాడు. కట్టూ బొట్టూ ఆవిడకు నప్పాయి. మన నాట్యం గురించి రాసిన పుస్తకం 'నృత్తాంజలి' 1928లో అచ్చయింది. అప్పటికి ఆవిడ మన దేశం మొహం చూడలేదు. ఎంత ధైర్యం!

ఆ రోజులు ఎలాంటివో కూడా చూడాలి. 1917లో వచ్చిన వలస చట్టం మనవాళ్లకు ఈ దేశపు తలుపులు మూసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్ల లెక్కలోకి రారు గనుక పౌరసత్వానికి పనికిరారని తేల్చింది. కోర్టులో అనర్హతగా నిలిచిన పుట్టుక, న్యూయార్క్ నాటకశాలలో టికెట్లు అమ్ముడుపోవడానికి పనికొచ్చింది. ఒక తెల్లజాతి స్త్రీ ఆ పుట్టుకను కోరి తగిలించుకున్నారు. అసలు ఆ పుట్టుకతో వచ్చినవాళ్లు ఓడరేవుల్లో, హోటళ్ల వంటగదుల్లో ఎవరి కంటా పడకుండా బతికారు.

దీన్ని మోసం అనేసి పక్కన పెట్టొచ్చు. అయితే కూచిపూడి చూసి పెరిగినవాళ్లకు అది అంత సులభం కాదు. భామాకలాపంలో ఇద్దరు తెర పట్టుకుంటారు. తెర మీదుగా సత్యభామ జడ పడుతుంది. వెనకటి రోజుల్లో అయితే కాగడాల మీద గుగ్గిలం చల్లి భగ్గుమనిపించేవాళ్లు. ఆ వెలుగులో భామ తానెవరో, ఎవరి బిడ్డో, ఎవరి ఇల్లాలో ప్రవేశ దరువులో చెప్పుకుంటుంది. చెప్పేదెవరు? వేదాంతం వారింటి మగవాడు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు జడ వేసుకుని వచ్చాక, ఈవిడ సత్రాజిత్తు కూతురు కాదని అనడానికి ఎవరికి నోరొస్తుంది? కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగబిడ్డా జన్మలో ఒక్కసారైనా భామ వేషం కట్టాలని భామాకలాపం కట్టిన సిద్ధేంద్ర యోగి మాట తీసుకున్నాడంటారు. పరమాత్మ ఎదుట జీవులందరూ స్త్రీలేనన్న మధురభక్తి దాని వెనక ఉంది. తనది కాని వంశాన్ని నోరారా చెప్పుకోవడం అక్కడ సాధన.

అలాగని రాగిణీదేవిని నేను పూర్తిగా వెనకేసుకురాను. భామ వేషం తెల్లవారితే కడిగేస్తారు. చూసేవాడికీ అది వేషమని తెలుసు. ఆ ఎరుక మీదే రసం నిలుస్తుంది. రాగిణీదేవి ప్రేక్షకులకు ఆ ఎరుక లేదు. పైగా ఆవిడ తలచుకుంటే ఎస్తర్ షెర్మన్‌గా తిరిగి వెళ్లగలిగేవారు. థింద్‌కు అలాంటి వెసులుబాటు లేదు.

ఆవిడకు ముందే ఈ దారి తొక్కినావిడ ఒకరున్నారు. హ్యాకెన్‌సాక్, పసాయిక్ నదులు దాటితే వచ్చే న్యూవార్క్‌లో 1879లో పుట్టిన రూత్ సెయింట్ డెనిస్. 1904లో ఈజిప్టు దేవత బొమ్మ ఉన్న సిగరెట్ల పోస్టర్ ఒకటి చూసి ఆవిడకు నాట్యం మీద కొత్త చూపు కలిగిందట. దైవం ఎక్కడ తలుపు తడుతుందో చెప్పలేం! 1906లో 'రాధ' అనే నృత్యం చేశారు. సంగీతం డెలీబ్ అనే ఫ్రెంచి స్వరకర్తది. ఇంద్రియాలను దాటి ముక్తి పొందే దేవతగా ఆవిడ మధ్యలో ఆడితే, చుట్టూ పూజారులుగా నిలబడడానికి న్యూయార్క్‌లో పొట్టపోసుకుంటున్న భారతీయ మగవాళ్లను తెచ్చుకున్నారు. ఆవిడకు కావలసింది ఆత్మదర్శనం. వాళ్లు ఆ దర్శనానికి వెనకతెర. 1911 ప్రాంతంలో ఆవిడ బృందంతో పాటు తిరిగిన సంగీతకారుల్లో ఇనాయత్ ఖాన్ ఉన్నారు. హైదరాబాద్‌లో అబూ హాషిం మదనీ దగ్గర సూఫీ దీక్ష పొంది, గురువు ఆజ్ఞ మీద పడమటి దేశాలకు వచ్చినవాడు. నిజమైన ఆధ్యాత్మిక గురువు వేదిక పక్కన కూర్చుని వాద్యం వాయిస్తుంటే ప్రేక్షకులు మధ్యలో ఉన్నావిడను చూసి పరవశించారు. ఆయన ఆ కంపెనీలో సుఖంగా లేడన్నది నేను ఊహించుకోగలను.

సెయింట్ డెనిస్ 1926లో భారతదేశం చూశారు. అయితే అప్పటికి ఆవిడ నాట్యం గట్టిపడిపోయింది. రాగిణీదేవి దారి ఇక్కడే విడిపోతుంది. ఆవిడ 1930లో ఓడెక్కారు. పుస్తకం రాసేసిన మనిషి, నలభైకి దగ్గరపడుతున్న మనిషి, మైలాపూరు గౌరి అమ్మాళ్ ముందు శిష్యురాలిగా కూర్చున్నారు. గౌరి అమ్మాళ్ కపాలీశ్వరాలయంతో ముడిపడిన దేవదాసీ పరంపరలో చివరి తరం. రుక్మిణీదేవికి, బాలసరస్వతికి కూడా అభినయం చెప్పినావిడ. అక్కడి నుంచి రాగిణీదేవి కవి వళ్లత్తోళ్ 1930లో పెట్టిన కేరళ కళామండలానికి వెళ్లి, ఆడవాళ్లు అడుగుపెట్టని కథకళి నేర్చుకున్నారు. నర్తకుడు గోపీనాథ్‌తో కలిసి దాన్ని నగరాల వేదికలకు తెచ్చారు. చివరికి 1972లో అచ్చయిన ఆవిడ పుస్తకం దేశంలోని నాట్యరీతుల మీద దశాబ్దాల పాటు తిరిగి, చూసి రాసింది. 1928 నాటి పుస్తకానికీ దీనికీ మధ్య తేడా చెమట.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే. కళాకారుడికి పూర్వీకులు రక్తంలో రారు. ఒకరి ముందు కూర్చుని, వాళ్ల కాలు ఎలా పడితే తన కాలు అలా పడేదాకా చేస్తే, అప్పుడు వాళ్లు పూర్వీకులవుతారు. ఎస్తర్ షెర్మన్ తాను చెప్పుకున్న వంశాన్ని ఆలస్యంగా సంపాదించుకున్నారు. ముందు చెప్పిన అబద్ధం మాసిపోదు. సంపాదన కూడా అబద్ధం కాదు.

ఈ మాట మనకు రుచించేలా లేదని తెలుసు. కూచిపూడి అనగానే మనం ఇంటిపేర్లు చదువుతాం. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి. 1678లో గోల్కొండ నవాబు తానీషా ఆ ఊరిని భాగవతులకు ఇచ్చాడని చెప్పుకుంటాం. 1763లో ఆస్తి తగాదా తీర్చుకున్నప్పుడు రాసుకున్న పత్రంలోని కుటుంబాలను వల్లిస్తాం. ఆ వరసలో ఒక్క ఆడమనిషి లేదు. ఇరవయ్యో శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు స్త్రీలకు నేర్పడానికి పూనుకోకపోతే, ఆ తర్వాత వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి ఇంటిపేరు అడక్కుండా నేర్పకపోతే, పక్కగదిలో ఉన్న ఈ పిల్లల్లో ఒక్కరికీ గజ్జె కట్టే అర్హత ఉండేది కాదు. రక్తసంబంధమే కొలతైతే ఎస్తర్ షెర్మన్ ఎంత పరాయో మన అమ్మాయిలూ అంతే పరాయి.

ఆ వరసలో లేని పేర్లు మరికొన్ని ఉన్నాయి. గోదావరి జిల్లాల కలావంతులు. గుడిలో, మేజువాణీల్లో పదాలకు కూర్చుని అభినయం పట్టిన స్త్రీలు. క్షేత్రయ్య పదం వాళ్ల ఇళ్లల్లో బతికింది. 1947లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన దేవదాసీ చట్టం తర్వాత వాళ్లు ఆడడం మానేశారు, లేదా తలుపులు వేసుకుని ఆడారు. వాళ్ల దగ్గర నేర్చుకున్నవి మన కచేరీలకు వచ్చాయి, వాళ్లు రాలేదు. స్వప్నసుందరి గారు మద్దుల లక్ష్మీనారాయణ గారి లాంటి పెద్దల దగ్గర నేర్చుకుని వేదిక ఎక్కించాక, ఆరుద్ర గారు దానికి విలాసినీ నాట్యమని పేరు పెట్టాక, మనకు కాస్త గుర్తొచ్చింది. అరంగేట్రం కరపత్రాల్లో భరతముని నుంచి సిద్ధేంద్రుడి దాకా వచ్చి, అక్కడి నుంచి ఒక్క గంతులో గురువుగారి దగ్గరికి దూకుతాం. మధ్యలో ఒక ముసలమ్మకు చోటు పెడితే కాగితం చిరిగిపోదు.

పూర్వీకుల మాట అయింది, ఇక నేల సంగతి.

కూచిపూడి డెల్టా పల్లె. దున్నితే నల్లమట్టి, తవ్వితే నీళ్లు. రాయి దొరకదు. ఆ ఊరి కథకూ నీళ్లే మూలం. సిద్ధేంద్రుడు చిన్నప్పుడే పెళ్లయిన భార్యను చూడబోతూ కృష్ణ దాటుతుంటే వరద ముంచుకొచ్చిందట. ఇక పోయాననుకుని ఆపత్సన్న్యాసం పుచ్చుకున్నాడు. తీరా బతికి ఒడ్డుకు పడ్డాడు. సంసారం అటు ఒడ్డున, సన్న్యాసం ఇటు ఒడ్డున. ఆ చిక్కులోంచి సత్యభామ పారిజాతం కథ పుట్టిందని పెద్దలు చెబుతారు. చరిత్రకారులు ఒప్పుకోకపోవచ్చు. నాకు మాత్రం ఈ కథలో నచ్చేది, అతడు దేవుణ్ణి వెతుక్కుంటూ బయలుదేరకపోవడం. అత్తారింటికి బయలుదేరాడు.

అదే కృష్ణ ముఖద్వారం దగ్గరి దివిసీమ నుంచి జాయప అనే యువకుడు ఓరుగల్లు చేరాడు. ఓడిపోయిన వంశంవాడు. అతని చెల్లెళ్లను కాకతి గణపతిదేవుడు పెళ్లాడాడు, అతణ్ణి గజసైన్యానికి అధిపతిని చేశాడు. ఆ సేనాని 1253–54 ప్రాంతంలో సంస్కృతంలో 'నృత్త రత్నావళి' రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో సగం దేశి నృత్యాలకు ఇచ్చాడు. తన ప్రాంతంలో మామూలు జనం ఆడే వాటిని శాస్త్రం పక్కన కూర్చోబెట్టిన మనిషి. అంతకు నలభై ఏళ్ల ముందే, 1213లో, రేచర్ల రుద్రుడు పాలంపేటలో గుడి కట్టించాడు. మనం రామప్ప అంటాం. చూరు కింద నల్లరాతి మదనికలు. స్తంభాల మీద మద్దెల వాయించేవాళ్లు, వాళ్ల మధ్య నర్తకులు.

ఏడు వందల ఏళ్ల తర్వాత ఆ పుస్తకాన్నీ ఆ రాళ్లనూ పక్కపక్కన పెట్టుకుని పేరిణి నృత్యాన్ని మళ్లీ లేపినవారు నటరాజ రామకృష్ణ గారు. ఆయన పుట్టింది ఎక్కడ? 1923లో, బాలి ద్వీపంలో. ఓరుగల్లు గురించి పుట్టుకతో ఆయనకు వచ్చిందేమీ లేదు. 1985 మహాశివరాత్రికి రామప్ప గుడి ముందు పేరిణి ఆడించారు. కలావంతుల ఇళ్లకు వెళ్లి వాళ్ల విద్యను బతిమాలి పైకి తెచ్చిందీ ఆయనే. తాత ముత్తాతల ఊరని కాదు, అక్కడ చేయవలసిన పని ఉందని ఆయన ఆ నేలకు వెళ్లారు. ఆధ్యాత్మిక అన్వేషణ అన్న పెద్ద మాటకు నేను నమ్మే అర్థం అటూ ఇటుగా ఇంతే.

ఇప్పుడు మన కాళ్ల కింద ఏముందో చూద్దాం. జర్నల్ స్క్వేర్, ఇండియా స్క్వేర్ అని పిలుచుకునే న్యూవార్క్ అవెన్యూ దుకాణాలు, హైట్స్ పేట, ఇవన్నీ ఒక రాతి గుట్ట మీద ఉన్నాయి. హడ్సన్ వెంట ఉత్తరానికి గోడలా లేచే పాలిసేడ్స్ కొండలకు ఇది దక్షిణపు కొస. ఎంగిల్‌వుడ్ ఆ కొండకే పడమటి వాలు. రాగిణీదేవి చివరి రోజులు గడిపింది, మనం ఇప్పుడు కూర్చున్నది, ఒకే రాయి మీద. సుమారు 20 కోట్ల ఏళ్ల క్రితం ఖండాలు విడిపోతున్నప్పుడు భూమి లోపలి నుంచి పొంగి, పొరల మధ్య గట్టిపడిన నల్లరాయి అది. డోలరైట్ జాతి. రామప్ప గుడికి గ్రానైట్‌తో పాటు వాడిన రాయీ డోలరైటే. దక్కను రాయి వయసులో ఇంకా ఎంతో పెద్దది. పుట్టిన తీరు మాత్రం ఒకటే.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ కొండను పగలగొట్టి న్యూయార్క్ వీధులకు పరిచారు. 1900లో పార్కు సంఘం ఏర్పడి క్వారీలు ఆపించకపోతే ఆ గోడ ఎంత మిగిలేదో. ఈ రాయి మీద మనకంటే ముందు లెనాపే జనం ఉన్నారు. 1643 ఫిబ్రవరిలో డచ్చి సైనికులు పవోనియాలో, అంటే నేటి జెర్సీ సిటీ ఒడ్డున, రాత్రి పూట వాళ్ల మీద పడి పిల్లలతో సహా పదుల మందిని చంపారు. భూమిపూజ చేసి కొబ్బరికాయ కొట్టేటప్పుడు ఎవరి భూమో కూడా తలచుకోవాలి.

మనవాళ్ల సంగతీ ఈ నేలకు తెలుసు. 1987 వేసవిలో తమను డాట్‌బస్టర్స్ అని పిలుచుకున్న ముఠా స్థానిక పత్రికకు ఉత్తరం రాసింది. భారతీయులు ఈ ఊరు విడిచి పోయేదాకా ఊరుకోమని దాని సారాంశం. సెప్టెంబరులో పక్కనే ఉన్న హోబోకెన్‌లో నవ్‌రోజ్ మోదీ అనే పార్సీ యువకుణ్ణి కొట్టి చంపారు. కొద్దిరోజులకే ఇక్కడ ఒక భారతీయ డాక్టరు తల పగలగొట్టారు. ఆ ముఠా తన పేరులో పెట్టుకుని ఎగతాళి చేసింది నుదుటి బొట్టును. ఆ రోజుల్లో ఆడవాళ్లు బొట్టు తుడుచుకుని, చీర మాని బయటికి వెళ్లేవారు. 1920లలో న్యూయార్క్‌లో ఎస్తర్ షెర్మన్‌కు చప్పట్లు తెచ్చిన బొట్టు, అరవై ఏళ్ల తర్వాత నది ఇవతల ప్రాణాల మీదికి తెచ్చింది. అదే బొట్టును ఇవాళ పక్కగదిలో తల్లులు పిల్లలకు పెన్సిలుతో దిద్దుతున్నారు. దీన్ని మరచిపోయి 'మన మూలాలు' అని మైకులో అంటే ఆ మాటకు బరువుండదు.

మూలాల మాట వచ్చింది కాబట్టి ఒక ఫిర్యాదు చేస్తాను. అరంగేట్రాల్లో వెనక పెద్ద తెర మీద వీడియోలో గోపురాలు కదులుతుంటాయి. తిరుమల, తర్వాత శ్రీరంగం, తర్వాత ఎక్కడిదో తామరకొలను. నర్తకి ఏ ఊళ్లోనూ నిలబడదు. సి.ఆర్. ఆచార్య గారు వేదిక మీదికి తెచ్చిన సింహనందినిలో నర్తకి 128 అక్షరాల తాళానికి ముగ్గు మీద అడుగులు వేస్తుంటే పాదాల కింద సింహం బొమ్మ తయారవుతుంది. అలాంటి విద్య ఉన్నవాళ్లకు గోడ మీద బొమ్మలెందుకు? నేల చాలదా? ఆ తెర తీసేయండి. అద్దె కూడా మిగులుతుంది.

మరో సంగతి గురువులకు. ఇక్కడ పుట్టిన అమ్మాయి భామగా వచ్చి ద్వారకలో ఉన్నానని చెబుతుంది. చెప్పాలి, అది మానమనను. దానికి ముందు ఆ అమ్మాయి తన సొంత ప్రవేశ దరువు ఒకటి ఆడితే తప్పేమిటి? తెర పట్టుకోండి, జడ వేయించండి. తెర తీశాక తానెవరో చెప్పనివ్వండి. గుంటూరు నుంచో నల్లగొండ నుంచో వచ్చిన అమ్మానాన్నల పేర్లు, పాత్ రైలు, నల్లరాతి గుట్ట, లెనాపే జనం, గౌరి అమ్మాళ్, పేరు తెలియని కలావంతు, కావాలంటే ఎస్తర్ షెర్మన్. అందులో అబద్ధం ఒక్కటీ ఉండనక్కర్లేదు. కొందరు గురువులు సంప్రదాయం చెడుతుందంటారు. దేశి నృత్యాలకు సగం పుస్తకం ఇచ్చిన జాయప అడ్డు చెప్పడనే నా ధీమా.

సాహిత్యం నేను రాసిస్తాను. మాటలకు డబ్బు పుచ్చుకోను. రాగం ఆరభి అయితే బాగుంటుందని నాకు ఉంది, మోహన అన్నా పేచీ లేదు. తాళం, జతులు మాత్రం మాస్టార్లు చూసుకోవాలి. వచ్చే దసరాలోగా ఎవరైనా ముందుకొస్తే తెర పట్టుకోవడానికి ఒక మనిషిని నేనే తెచ్చుకుంటాను, రెండోవైపు నేను పట్టుకుంటాను.